ఊద యెవరి చుట్టం? వరి యెవరి చుట్టం?

వ్యవసాయ కార్మికుల సమావేశాల్లో కూలిరేట్ల గురించి, యిళ్ళస్థలాల గురించి, వుపాధి పనుల బకాయిల గురించి మాట్లాడుకుంటాం. మరి మొక్కల వంశాలు, పురుగుల చుట్టరికాలు మనకెందుకు అని కొందరు మిత్రులు అడగవచ్చు. అవి కాలేజీ మాస్టార్ల సంగతులు కదా అనవచ్చు.

కాదంటున్నాం. ద్రాక్షారామం, వెల్ల, వేగాయమ్మపేట చేలల్లో నడుం వంచి కలుపు తీసే ఆడకూలీలు రోజూ చేసే పనికీ, యీ శాస్త్రానికీ మూలం వొక్కటే. ఏది యేదో గుర్తుపట్టడం, ఏది దేనికి చుట్టమో తేల్చడం. తేడా వొక్కటే. శాస్త్రజ్ఞుడు చేస్తే దాన్ని వర్గీకరణ అంటారు, కూలి మనిషి చేస్తే కలుపు తీత అంటారు.

ఊడ్పులైన యిరవై రోజులకు వరి దుబ్బు పక్కన ఊద దుబ్బు నిలబడి వుంటుంది. రంగు వొకటే, యెత్తు వొకటే. పట్నంలో చదివొచ్చిన కుర్రాణ్ణి చేలోకి దింపితే వరిని పీకి ఊదను వుంచి వస్తాడు. అదే యేళ్ళ తరబడి కలుపు తీసిన పెద్దమ్మను అడగండి. "ఆకూ కాడా కలిసేకాడ చూడు నాయనా. వరికి తెల్లటి పొర వుంటది, పక్కన చెవుల్లాంటి యెండ్రుకలుంటాయి. ఊదకి అయ్యేం వుండవు, నున్నగా వుంటది" అంటుంది. వృక్షశాస్త్ర గ్రంథాలు తిరగేస్తే అక్కడా యిదే గుర్తు వుంది. ఆ పొరను వాళ్ళు జిహ్విక అన్నారు, అంతే. ఆమెకు డిగ్రీ లేదు, చేతిలో కొడవలి మాత్రమే వుంది. కాని యిద్దరూ చూసింది వొక్క చోటే.

పేరు యెందుకు కావాలి?

గోదావరివాళ్ళకు పులస గురించి చెప్పనక్కరలేదు. సముద్రంలో వున్నంతకాలం అది ఇలస. వరద నీటికి యెదురీది గోదావరిలోకి వచ్చాక పులస. బెంగాలువాళ్ళకు అది ఇలీష్. పేర్లు మూడు, ధరలు వేరు, రుచి వేరంటారు, చేప మాత్రం వొక్కటే. దీనికి తిరగబడిన సంగతి కూడా వుంది. చేలో మొలిచిన ప్రతిదాన్నీ గడ్డి అంటాం. కాని తుంగ నిజానికి గడ్డి కుటుంబానిది కాదు. తుంగ కాడను రెండు వేళ్ళ మధ్య దొర్లించి చూడండి, మూడు పలకలుగా తగులుతుంది. గడ్డి కాడ గుండ్రంగా వుంటుంది, లోపల బోలు, మధ్య మధ్య కణుపులు. యిది మాటల గొడవ కాదు. గడ్డి జాతులను మాత్రమే చంపే కలుపు మందు కొట్టి, తుంగ చావలేదేమని తల పట్టుకుంటే డబ్బు పోయేది కౌలు రైతుకే.

యీ గందరగోళాన్ని తీర్చడానికి స్వీడన్ దేశస్థుడు లిన్నేయస్ 1753లో వచ్చిన తన గ్రంథంలో ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు పెట్టే పద్ధతి స్థిరపరిచాడు. మొదటి మాట ప్రజాతి, రెండో మాట జాతి. మన తెలుగువాళ్ళకు యిది కొత్త కాదు. ముందు యింటిపేరు, తర్వాత సొంత పేరు, మనం రాసుకునే పద్ధతే. వరి పేరు ఒరైజా సటైవా. చెరువు గట్ల వెంట తనంతట తాను మొలిచే అడవి వరి, మనం నివ్వరి అనేది, ఒరైజా నివారా. యిద్దరిదీ యింటిపేరు వొకటే. అక్కడి నుంచి పైకి కుటుంబం, క్రమం, తరగతి, వర్గం, రాజ్యం అని మెట్లు పెట్టారు. యిల్లు, వీధి, వూరు, మండలం, జిల్లా అని మనం చిరునామా రాసినట్టే.

సామర్లకోటలో జరిగింది

యీ శాస్త్రం యెక్కడో యూరప్‌లోనే పుట్టి పెరిగిందనుకుంటే పొరపాటు. మనకు దగ్గరలోనే సామర్లకోటలో 1781 నుంచి 1793 దాకా విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు యీస్టిండియా కంపెనీ కొలువులో పనిచేశాడు. అక్కడ తోట వేశాడు. మిరియాలు పండించి చూశాడు, రాజమహేంద్రవరం సర్కారులో చెరుకు సాగు యెలా జరుగుతుందో రాశాడు. కంపెనీకి కావలసింది శాస్త్రం కాదు, సరుకు. మిరియం, నీలిమందు, పంచదార యెక్కడ దొరుకుతాయి, యెంత దొరుకుతాయి అన్నదే వాళ్ళ లెక్క.

కాని ఆయన ఆ పనిలో మన నేల మొక్కల్ని వొక్కొక్కటిగా వర్ణించాడు. మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. వాటిలోంచి యేరిన 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుంచి లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడింది. ఆయన రాతల్లో మన వాళ్ళు చెప్పిన తెలుగు పేర్లు వున్నాయి. జ్వరానికి పనికొస్తుందని ఆయన ప్రచారం చేసిన సోమిద చెట్టుకు తర్వాతి శాస్త్రజ్ఞులు సోయ్‌మిడా అనే పేరే ఖాయం చేశారు. యీనాటికీ ప్రపంచమంతా అదే పేరుతో పిలుస్తుంది. నివ్వరి గురించి కూడా ఆయన రాశాడు. సర్కారు జిల్లాల్లో అది తనంతట తాను పండుతుందనీ, దిగుబడి తక్కువ గనక యెవరూ సాగు చేయరనీ, ధనికులు మాత్రం ఆ గింజల్ని యిష్టపడతారనీ.

మొక్క పక్కన రాక్స్‌బర్గ్ పేరు నిలిచింది. బొమ్మ గీసిన చేతుల పేర్లు నిలవలేదు. అడవిలోకి తీసుకెళ్ళి యిది ఫలానా, యిది ఫలానా అని చూపించినవాళ్ళ పేర్లు అసలే లేవు. శ్రమ యెవరిదో, కీర్తి యెవరిదో అన్న ప్రశ్న చేలల్లోనే కాదు, గ్రంథాలయాల్లో కూడా వుంది.

పెట్టెల నుంచి చెట్టుకు

లిన్నేయస్ జీవుల్ని పెట్టెల్లో సర్దాడు. పోలిక వున్నవాటిని వొక పెట్టెలో పెట్టాడు. ఆ పోలిక యెందుకు వచ్చిందన్నది ఆయన ప్రశ్న కాదు, దేవుడు అలా చేశాడనుకున్నాడు. 1859లో చార్లెస్ డార్విన్ అన్నది వేరు. పోలిక వుందంటే పూర్వీకులు వొక్కరే గనక వుంది. జీవులన్నీ వొకే చెట్టు కొమ్మలు, రెమ్మలు. వర్గీకరణ అంటే యిక సర్దుడు పని కాదు, వంశవృక్షం రాయడం.

మరి కోట్ల యేళ్ళనాటి వంశం యెలా తెలుస్తుంది? కరణాలున్న రోజుల్లో దస్త్రాలు చేత్తో నకలు రాసేవారు. వొక నకలులో సర్వే నంబరు వొకటి తప్పు పడిందనుకోండి. ఆ నకలు చూసి రాసిన ప్రతి కాగితంలోనూ అదే తప్పు దిగుతుంది. వాటిల్లో వొకదానిలో యింకో తప్పు పడితే, అది దాని పిల్ల నకళ్ళకే వస్తుంది. పది కాగితాలు ముందు పెట్టుకుని యే తప్పు యెన్నింటిలో వుందో చూస్తే, ఏది దేన్నుంచి పుట్టిందో వరస తేల్చవచ్చు. అందరిలోనూ వున్న వొప్పులు యేమీ చెప్పవు. కొందరిలో మాత్రమే వున్న కొత్త తప్పులే చుట్టరికాన్ని చెబుతాయి.

జీవుల్లోనూ అంతే. ప్రతి కణంలో డి.ఎన్.ఎ. అనే నాలుగక్షరాల దస్త్రం వుంటుంది. తల్లి నుంచి పిల్లకు నకలు అయ్యేటప్పుడు అక్కడక్కడ అక్షరం మారుతుంది. వరి దస్త్రాన్ని పూర్తిగా చదివే పని 2005 నాటికి ముగిసింది, ఆ అంతర్జాతీయ కృషిలో మన దేశం కూడా వుంది. వరిలో 12 క్రోమోజోములు, దాదాపు 39 కోట్ల అక్షరాలు. యిలాంటి దస్త్రాలు పక్కపక్కన పెట్టి చదివితే కంటికి కనబడని చుట్టరికాలు బయటపడుతున్నాయి.

అలా తేలిన సంగతులు కొన్ని చూడండి. కొబ్బరి చెట్టు మామిడికి చుట్టమా, చేలో వరికి చుట్టమా? వరికే. రెండింటి మొలకకూ వొకే బీజదళం, ఆకులో ఈనెలు సమాంతరంగా నడుస్తాయి. చెరువులో రొయ్య చేపకు దగ్గరా, దోమకు దగ్గరా? దోమకే. అతుకుల కాళ్ళు, పైన గట్టి పెంకు, పెంకు విడిచి పెరగడం. పురుగులన్నీ రొయ్యల, పీతల వంశంలోంచే చీలి వచ్చాయని డి.ఎన్.ఎ. చెబుతోంది. నీళ్ళల్లో వుందని రొయ్య చేప అయిపోదు. జెండా పట్టుకున్నాడని భూస్వామి కార్మికుడు అయిపోతాడా?

యిక ఊద సంగతి. వరితో అంత పోలిక వున్నా అది వరికి దగ్గర చుట్టం కాదు. గడ్డి కుటుంబంలో వరిది వెదురు, గోధుమల వైపు కొమ్మ. ఊదది కొర్ర, జొన్న, చెరుకు, మొక్కజొన్నల వైపు కొమ్మ. యీ రెండో కొమ్మలో చాలావాటికి యెండ యెక్కువైనప్పుడు వెలుతురును బాగా వాడుకుని త్వరగా పెరిగే యేర్పాటు ఆకులో వుంది. వరికి అది లేదు. అందుకే మన యెండల్లో ఊద వరిని మించిపోయి, వేసిన యెరువంతా అదే తాగేస్తుంది.

కొమ్మలు యెప్పుడు చీలాయో రాళ్ళు కూడా చెబుతాయి. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో నల్లరాయి కొట్టే కార్మికులు చూస్తూనే వుంటారు, రాతిపొరల మధ్య గవ్వలు, నత్తగుల్లలు. సుమారు ఆరున్నర కోట్ల యేళ్ళ కిందటి లావా పొరలవి. అదే కాలానికి చెందిన మహారాష్ట్రలోని పిస్దూరా పొరల్లో రాక్షసబల్లుల పేడ రాయిగా మారి దొరికింది. దానిలో గడ్డి ఆకుల్లోని సన్నటి యిసుక రేణువులు వున్నట్లు 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వరి తెగకు చెందిన రేణువులు కూడా వున్నాయని 2011లో తేల్చారు. అంటే వరి పూర్వీకులు మనిషి కంటే, ఆవు కంటే ముందే యీ నేల మీద వున్నాయి.

ఊదను యిలా చేసింది యెవరు?

దూరపు చుట్టమైన ఊద వరిలా యెందుకు కనబడుతుంది? దీనికి జవాబు మన చేతుల్లోనే వుంది. మాట వరసకు కాదు, నిజంగానే చేతుల్లో. కలుపు తీసే మనిషి వరికి భిన్నంగా కనబడినదాన్ని పీకేస్తుంది. కాస్త వరిలా నిటారుగా, పచ్చగా వున్నది కంట్లో పడకుండా తప్పించుకుంటుంది. తప్పించుకున్నదే గింజ రాలుస్తుంది. మరుసటి యేడు దాని పిల్లలు మొలుస్తాయి. వాటిల్లోనూ యింకా వరిలా వున్నదే బతుకుతుంది. వందల యేళ్ళు యిలా సాగితే ఊద వరి వేషం వేసుకుంటుంది. ఆ మొక్కకు బుద్ధి వుండి చేసిన మోసం కాదిది. యేరివేత చేసిన పని. డార్విన్ ప్రకృతివరణం అన్నది యిదే.

యీ సంగతిని లోకానికి విడమర్చి చెప్పినవాడు సోవియట్ శాస్త్రజ్ఞుడు నికొలాయ్ వవిలోవ్. గోధుమ చేలల్లో కలుపుగా వున్న రై గోధుమలా మారుతూ చివరకు పంటే అయిపోయిందని ఆయన చూపించాడు. చైనాలో యాంగ్సీ నదీ ప్రాంతపు ఊద మొక్కలు 328 తీసుకుని డి.ఎన్.ఎ. చదివిన శాస్త్రజ్ఞులు, అక్కడి ఊద సుమారు వెయ్యేళ్ళ కిందట వరి వేషం వేసుకోవడం మొదలుపెట్టిందని 2019లో ప్రకటించారు. వెయ్యేళ్ళుగా వంగిన నడుముల చరిత్ర ఆ మొక్క వొంట్లో రాసి వుందన్నమాట. రాజుల శాసనాల్లో కూలివాళ్ళ పేరు లేదు. ఊద దస్త్రంలో వాళ్ళ పని వుంది.

వవిలోవ్ కథ యిక్కడ ఆపితే సగమే చెప్పినట్టు. ప్రపంచమంతా తిరిగి విత్తనాలు పోగుచేసిన ఆ మనిషిని 1940లో అరెస్టు చేశారు. 1943లో సరటోవ్ జైల్లో ఆకలితో చనిపోయాడు. లైసెంకో అధికారం అండతో వంశపారంపర్య శాస్త్రాన్నే తప్పని చెప్పిన రోజులవి. మనం యేమీ దాచుకోనక్కరలేదు. ఏ జెండా కింద జరిగినా, శాస్త్రం నోరు నొక్కితే నష్టపోయేది రైతు కూలీలే. అదే కాలంలో లెనిన్‌గ్రాడ్‌ను హిట్లర్ సైన్యం చుట్టుముట్టినప్పుడు, ఆయన విత్తనాల నిలయంలో పనిచేసేవాళ్ళు ఆకలితో ప్రాణాలు వదిలారు గాని విత్తనం గింజ తినలేదు. వరి విత్తనాలు చూసే ఇవనోవ్ వరి బస్తాల మధ్యే చనిపోయాడు.

నివ్వరి యిచ్చిన అప్పు

చుట్టరికం తెలిస్తే కడుపు నిండుతుందా అంటే, నిండింది. 1970ల్లో ఆసియా వరి చేలల్లో గడ్డి పొట్టి తెగులు వ్యాపించింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ తన దగ్గరున్న వేల రకాలు పరీక్షించింది. సాగులో వున్న వరి యేదీ తట్టుకోలేదు. తట్టుకున్నది వొక్కటే, వుత్తరప్రదేశ్‌లో సేకరించిన నివ్వరి. దీన్ని వేరే జాతిగా గుర్తించి 1965లో పేరు పెట్టినవాళ్ళు మన దేశ శాస్త్రజ్ఞులు శర్మ, ఎస్.వి.ఎస్. శాస్త్రి. శాస్త్రి హైదరాబాదులోని అఖిల భారత వరి పథకానికి తొలి సమన్వయకర్త. వరికి దగ్గర చుట్టం గనకే నివ్వరితో సంకరం కుదిరింది. 1976లో ఐ.ఆర్. 36 అలా వచ్చింది. 1985లో వచ్చిన ఐ.ఆర్. 64 వంశంలోనూ నివ్వరి వుంది. ఆ ఐ.ఆర్. 64ను కృష్ణవేణితో కలిపి మన మారుటేరు కేంద్రం 2000లో విడుదల చేసిందే ఎం.టి.యు. 1010, కాటన్ దొర సన్నాలు. డెల్టాలో దాళ్వా చేలకు నీళ్ళు పెట్టినవాళ్ళకు ఆ పేరు కొత్త కాదు. కాలువ గట్టున యెవరూ పట్టించుకోని గడ్డి ఆ కంకిలో వొక ముత్తవ్వ.

కనుక గట్లన్నీ మందు కొట్టి మాడ్చేయడం, చెరువులు పూడ్చి ప్లాట్లు వేయడం అంటే ఆ ముత్తవ్వల్ని చంపుకోవడమే. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం వన్య జాతుల్ని, సంప్రదాయ రకాల్ని కాపాడేవాళ్ళు కూడా రైతు అనే నిర్వచనంలోకి వస్తారు. పొలం పట్టా లేనంత మాత్రాన ఆ హక్కు మనది కాకుండా పోదు. కార్మిక సంఘాలు దీన్ని పట్టించుకోవలసి వుంది.

మందుల సంగతీ యిదే లెక్కన చూడాలి. చేతి యేరివేతకు ఊద వేషం మార్చింది. మందు యేరివేతకు వొళ్ళు మార్చుకుంటుంది. అమెరికాలోని ఆర్కన్సా వరి చేలల్లో 1990 ప్రాంతంలోనే ప్రొపానిల్ మందుకు లొంగని ఊద బయటపడింది. దోమపోటు కథా అంతే. 1973లో దోమను తట్టుకుంటుందని ఇచ్చిన ఐ.ఆర్. 26ను కొద్ది యేళ్ళలోనే కొత్త తరం దోమ తినేసింది. మందు కొట్టినప్పుడు చేలో సాలీళ్ళు కూడా చస్తాయి. సాలీడుకు యెనిమిది కాళ్ళు, అది పురుగు జాతే కాదు, దోమల్ని తినే మన నేస్తం. యిది గుర్తించే 1986లో ఇండోనేసియా ప్రభుత్వం వరిపై 57 రకాల పురుగు మందులు నిషేధించింది. శత్రువెవరో మిత్రుడెవరో కాళ్ళు లెక్కపెట్టి చెప్పగల కూలి మనిషి ఆ చేనుకు కాపలా. కలుపు మందు వచ్చిందని ఆ మనిషికి పని లేకుండా చేస్తే, పోయేది వొక్క కూలి కాదు, ఆ కళ్ళు కూడా.

జాతి అనే మాట

చివరగా వొక మాట. మన భాషలో జాతి అనే మాట చాలా అల్లరి చేసింది. ఊద వొక జాతి, వరి వొక జాతి అన్నప్పుడు అది శాస్త్రం. మనిషిని తక్కువ జాతి అన్నప్పుడు అది అబద్ధం. భూమ్మీద మనుషులంతా వొకే జాతి, హోమో సేపియన్స్. యే యిద్దరి దస్త్రం తీసుకున్నా వెయ్యి అక్షరాల్లో దాదాపు 999 వొకటే. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2013లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, సుమారు 4,200 యేళ్ళ నుంచి 1,900 యేళ్ళ కిందటి దాకా యీ దేశంలో వేర్వేరు జనాలు విస్తారంగా కలిశారు. ఆ తర్వాతనే బయటి పెళ్ళిళ్ళు అరుదైపోయాయి. అంటే కులం గోడ సృష్టితో పాటు రాలేదు. మనుషులు కట్టారు. మనుషులు కట్టినదాన్ని మనుషులు కూల్చగలరు.

యిలాంటి నిజాలు చెబుతుంది గనకే పరిణామ శాస్త్రం కొందరికి గిట్టదు. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పాఠాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, వుపాధ్యాయులు దాన్ని తిరిగి చేర్చాలని బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతిలో వుంది కదా అన్నారు. జీవశాస్త్రం తీసుకున్నవాళ్ళకే ఆ పాఠం. పదితో చదువు ఆపి చేలోకి దిగే పిల్లలెవరు? మన పిల్లలే.

అందుచేత మన చదువు మనమే మొదలుపెట్టుకోవాలి. మన వాడల్లో కలుపు తీసే ఆడవాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళకు తెలిసిన ప్రతి మొక్క పేరు, గుర్తు, గుణం బడి పిల్లల చేత రాయించండి. ఊద, తుంగ, నివ్వరి, గరిక, వొక్కటీ వదలవద్దు. పక్కన శాస్త్రం పెట్టిన పేరు మాస్టారి చేత రాయించండి. అడుగున మాత్రం చెప్పిన మనిషి పేరు వుండాలి. యీసారి ఆ పేరు పోకూడదు.